తలుపు దగ్గర వెలుతురు

“ఎవరు తెచ్చినా సరే, ఏ పుస్తకమైనా సరే. అందులో చెప్పినట్టు ఒక్క మంచి ఫొటో తీసి చూపించండి. క్లబ్బులో సగం చేతులు లేస్తే చాలు, ఆ పుస్తకమే మన పాఠం. కొత్తగా చేరేవాళ్ళ ముందు నేనే లేచి నిలబడి దాన్ని సిఫారసు చేస్తాను. ఇది కాపార్ మాట.”

ఇవి మీ మాటలే కదా అన్నా, కాపార్ బైకే? జూన్ నెలలో, సంస్కృతి భవనం పైగదిలో, టీ గిన్నె చేతిలో పట్టుకుని అన్నారు. లేదనకండి. అసలు నోరే కదపకండి. ఇప్పుడేగా సూది వేశాను, దవడ మొద్దుబారాలి. అందాకా నోరు తెరుచుకుని పడుకోండి. అవును అనాలంటే కళ్ళు మూయండి. కాదు అనాలంటే చెయ్యెత్తండి.

ఎత్తారూ. నొప్పా? కాదా? మరైతే దించండి. చేతులెత్తే సంగతి తర్వాత వస్తుంది. దాని కథ వేరే ఉంది.

మిమ్మల్ని నా కుర్చీలోకి నేను పిలవలేదు, అది మాత్రం గుర్తుంచుకోండి. ఆప్రికాట్ గింజని పళ్ళతో పగలగొట్టింది మీరు. మీరెప్పుడూ చూపించుకునే రోజా డాక్టరమ్మ ఈ వారమే బిష్కెక్ వెళ్ళడం నా కుట్ర కాదు. పన్ను సంగతి పన్నుదే. అది క్లబ్బు అధ్యక్షుడిదైనా, శత్రువుదైనా నేను ఒకేలా చూస్తాను. దంతవైద్యంలో వర్గాలు లేవు.

కానీ ఒకటి ఒప్పుకోండి. కరాకోల్ ఊళ్ళో ఏ విందు జరిగినా మైకు మీ చేతిలోనే ఉంటుంది. ఎవరు ఎక్కడ కూర్చోవాలో, ఎవరు ముందు లేచి ఆశీర్వదించాలో చెప్పేది మీరే. ఇన్నేళ్ళలో మీ ఎదుట ఒక్క వాక్యం పూర్తి చేసిన మనిషి ఉన్నాడా? ఇవాళ నేను చేస్తాను. చాలా వాక్యాలు పూర్తి చేస్తాను.

దూది నాలిక కింద బాగానే ఉందా? మంచిది.

అట్ట లేదన్నారు. అదే కదా మీ మొదటి అభ్యంతరం? “అట్ట లేని పుస్తకం, రాసిందెవరో తెలియని పుస్తకం, దాన్ని నేను క్లబ్బుకి ఎలా సిఫారసు చెయ్యను ఎల్దియార్” అన్నారు. ఔను, అట్ట లేదు. చివరి పాఠం కూడా లేదు. పశువుల సంత పక్కన పొద్దుతిరుగుడు గింజలమ్మే ఆవిడ దాన్ని చింపి పొట్లాలు కడుతోంది. నేను గింజలు కొనుక్కుని తింటూ పొట్లం కాగితం చదివాను. “మనిషిని నవ్వమని అడగకండి. చేతికి ఏదో ఒక పని ఇవ్వండి” అని ఉంది. వెనక్కి పరిగెత్తి, మిగిలిన పుస్తకమంతా ఆవిడ దగ్గర తీసుకున్నాను. ఇంకొంచెం ఆలస్యమైతే నాలుగో పాఠాన్ని కూడా ఊరు నమిలి ఊసేసేది.

సత్యానికి అట్ట అక్కర్లేదు బైకే. ఆ రోజు సమావేశంలో నేను ఈ మాట అంటే మీరు చప్పట్లు కొట్టి, “మా ఎల్దియార్ గోడ మీద రాసే మాటలే మాట్లాడతాడు” అన్నారు. అందరూ నవ్వారు. ఇస్మార్ కూడా నవ్వాడు. వాడు నా స్నేహితుడు, అందుకని ఇంకొంచెం ఎక్కువ నవ్వాడు.

నేను ఆ పుస్తకాన్ని ఊరికే పొగడ్డం లేదు. దాని లోపాలు నాకు తెలుసు. సగం పేజీలు ఫిల్మ్ కడగడం గురించి. ఆ రసాయనాలు ఇప్పుడు కరాకోల్‌లో ఎవరి దగ్గరున్నాయి? రంగు ఫొటోలంటే రాసినావిడకి అనుమానం. ఎర్ర రంగు గురించైతే, ఆవిణ్ణి ఎర్ర చొక్కావాడెవడో మోసం చేశాడేమో అన్నట్టు రాసింది. ఆవిడ అని ఎలా తెలుసంటారా? కడుపుతో ఉన్నప్పుడు చీకటి గదిలో నిలబడలేక బకెట్టు బోర్లించి కూర్చున్నానని రాసుకుంది. మగాళ్ళెవరూ అలా రాయరు.

కానీ మొదటి పాఠం చూడండి. కెమెరాని వారం పాటు ముట్టుకోవద్దంటుంది. మీ వంటింట్లో కూర్చోండి, టీ కెటిల్ నీడ పొద్దున్న ఎటు పడుతోంది, సాయంత్రం ఎటు పడుతోంది, చూడండి అంటుంది. నేను చూశాను. మా అమ్మ నాకు ఒంట్లో బాలేదనుకుని గొర్రె పులుసు కాచింది. వారం అయ్యాక మా వంటిల్లు నాకు కొత్తగా కనిపించింది. ఇరవై ఎనిమిదేళ్ళు ఆ ఇంట్లో తిని, దానికి కిటికీ ఎందుకుందో అప్పుడు తెలిసింది.

ఇంకో పాఠంలో, మీట నొక్కే ముందు నాలుగు మూలలూ చూడమంటుంది. పిలవని వాళ్ళెవరైనా నిలబడి ఉన్నారేమో చూసుకోండి అంటుంది. మన క్లబ్బు ఫొటోల్లో నాలుగు మూలల్లో ఎవరుంటారు బైకే? టీవీ గొడుగులుంటాయి. గాడిద వెనక కాళ్ళుంటాయి. వెనేరా ఎజే తీసిన పెళ్ళికూతురి ఫొటోలో పెళ్ళికూతురి కంటే గ్యాస్ సిలిండరే స్పష్టంగా ఉంది.

అన్నిటికంటే నాకు నచ్చింది ఏంటంటే, ఆవిడ చెడిపోయిన ఫొటోలు అచ్చేసింది. తనవే. పక్కన రాసింది: ఇక్కడ నేను తొందరపడ్డాను. ఇక్కడ ఆ ముసలాయనకి నేనంటే భయం, అది నాకు కనపడలేదు. ఇక్కడ నేను వెలుతురుని చూశాను, మనిషిని చూడలేదు. చెప్పండి, ఏ గురువు తన తప్పుల్ని అచ్చేయించి చేతికిస్తాడు? మీరిచ్చారా? మీరు మాకు నేర్పింది ఒకటే సూత్రం: సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకో. దాని ఫలితం ఏంటో తెలుసా? మన వార్షిక ప్రదర్శనలో కళ్ళు తెరిచి ఉన్న మనిషి ఒక్కడూ లేడు. ఊరు ఊరంతా నిద్రపోతున్నట్టుంటుంది. గుర్రాలు మాత్రం చూస్తుంటాయి.

నవ్వకండి. దూది జారుతుంది.

పెదవి గిల్లుతున్నాను, తెలుస్తోందా? ఇంకా తెలుస్తోంది. సరే, ఆగుదాం. తొందరేముంది.

ఇప్పుడు విందు దగ్గరికొద్దాం. మీరు మీ నోటితో చెప్పిన కథ ఊరంతా వింది. నా కథ మీరొక్కరైనా వినండి.

సెప్టెంబర్‌లో మీ మేనమామ జుమాలి ఆతాకి ఎనభై నిండాయి. మీ పెరట్లో ఉన్ని గుడారం వేశారు. క్లబ్బు మొత్తాన్ని పిలిచి, “తియ్యండి ఫొటోలు, ఎవరి పుస్తకం ఎంతో తేలిపోతుంది” అన్నారు. నా వైపు చూసే అన్నారు.

లోపల ఎలా ఉంది? ఆతా తోర్‌లో కూర్చున్నారు. పెద్దాయన ఇంకెక్కడ కూర్చుంటారు, తలుపుకి ఎదురుగా, ఆ చివర, దొంతర పెట్టిన పరుపుల ముందు. పక్కన మీ వియ్యంకులు. ఆతా తలమీద కొత్త తెల్ల టోపీ, ఛాతీ మీద పతకాలు. ఆ మూల చీకటి. గుడారం నెత్తిన ఉన్న కన్నంలోంచి వచ్చే వెలుతురు నడి మధ్యలో, తిండి పళ్ళేల మీద పడుతోంది. నూనెలో వేయించిన బోర్సోక్‌లు బంగారంలా ఉన్నాయి, మనుషులు బొగ్గుల్లా ఉన్నారు. మీరంతా ఏం చేశారు? టపటపా ఫ్లాష్‌లు కొట్టారు. పతకాలు మెరిశాయి. ఆతా కళ్ళు మూసుకున్నారు.

నాకేమో పుస్తకం తలలో మోగుతోంది. “కిటికీ పక్కన కూర్చోబెట్టండి. వెలుతురు ఒక చెంప మీద పడనివ్వండి. రెండో చెంపని ఊహించుకోనివ్వండి.” గుడారానికి కిటికీ ఎక్కడుంది? లేదు. తలుపు ఉంది. తలుపు దగ్గర వెలుతురు పాలలా పరుచుకుని ఉంది.

నేను వెళ్ళి ఆతా చెయ్యి పట్టుకున్నాను. “ఆతా, ఒక్క నిమిషం ఇటు రండి” అన్నాను. ఆయన లేచారు. ఎనభై ఏళ్ళ మనిషి, సొంత పుట్టినరోజు విందులో, వియ్యాలవారి ముందు, తోర్‌లోంచి లేచి నా వెంట నడిచి వచ్చి తలుపు పక్కన కూర్చున్నారు. కోడళ్ళు టీ పోస్తూ కూర్చునే చోట. అందరూ విప్పిన చెప్పుల మధ్య.

గుడారంలో మాట ఆగిపోయింది. నాకు వినపడలేదు. నేను వెలుతురు చూస్తున్నాను.

మీ చేతిలో మైకు ఉంది. మీరు కూడా మాట్లాడలేదు. అది ఎప్పుడైనా జరిగిందా?

ఆతా ఒక్కరే మాట్లాడారు. చుట్టూ చూసి, “ఓరి, పెళ్ళైన కొత్తలో మావగారింట్లో ఇక్కడే కూర్చోబెట్టేవారు నన్ను. ఇక్కణ్ణించి చూస్తే పెద్దలందరూ ఎంత దూరంగా ఉంటారో” అని ఫక్కున నవ్వారు. నవ్వమని నేను అడగలేదు. ఒక పాత రబ్బరు జోడు చేతిలోకి తీసుకుని, “ఇది ఎవరిదో గాని, కాలు చాలా చిన్నది, మనసు ఇంకా చిన్నదేమో” అన్నారు. అప్పుడు నొక్కాను.

ఆ ఫొటో మీరు చూశారు. కాదనగలరా? ఆ ముఖంలో ఎనభై ఏళ్ళూ ఉన్నాయి, ఇరవై ఏళ్ళూ ఉన్నాయి.

తర్వాతి శనివారం సమావేశం. ఇక్కడే వస్తుంది చేతుల కథ. గోడ మీద ఫొటో పెట్టాను. వెనేరా ఎజే చెయ్యెత్తింది. ఇస్మార్ రెండు చేతులూ ఎత్తాడు, ఒకటి దించమన్నారు మీరు. స్టేషన్ దగ్గర టైర్లమ్మే ఆయన ఎత్తాడు. బైకే, అందరూ ఎత్తారు. మీరొక్కరే ఎత్తలేదు. ఎత్తకపోవడం మీ హక్కు. కానీ లెక్కపెట్టడం మీ బాధ్యత. మీరు లెక్కపెట్టలేదు. “ఆ పుస్తకం ఒకసారి ఇలా ఇవ్వు, పరిశీలించాలి” అన్నారు. ఇచ్చాను. సంచిలో వేసుకున్నారు. అప్పుడు చెప్పారు అట్ట సంగతి. అప్పుడు చెప్పారు, పెద్దమనిషిని అవమానించినవాడి ఫొటో మీద ఓటు చెల్లదని. క్షమాపణ చెప్పాలన్నారు. అందరి ముందు, ఆ పుస్తకం తప్పుదారి పట్టించిందని కూడా చెప్పాలన్నారు. చెప్తే క్లబ్బులో ఉండొచ్చు. చెప్పకపోతే తలుపు అటు ఉందన్నారు.

నేను అన్నాను కదా, తలుపు దగ్గర వెలుతురు బాగుంటుందని. ఆ మాట అనకుండా ఉండాల్సింది. మీ చెవులు ఎర్రబడ్డాయి.

ప్రజల ఓటుని సంచిలో వేసుకుని వెళ్ళిపోయేవాణ్ణి చరిత్ర క్షమించదు. చూడండి, మీరిప్పుడు కళ్ళు తిప్పారు. అది అవునూ కాదు, కాదూ కాదు. సరే, చరిత్రని వదిలేద్దాం. మనిద్దరి సంగతి చూద్దాం.

క్షమాపణకి నేను వెళ్ళాను. మీకు తెలియదు. మీ కోసం కాదు, జుమాలి ఆతా కోసం వెళ్ళాను. టీ పొట్లం, చక్కెర, ఆ ఫొటో పెద్దది చేయించి పట్టుకెళ్ళాను. తలుపు తీసి ఆతా నన్ను చూశారు. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి తోర్‌లో కూర్చోబెట్టారు. నన్ను. ఆయన వెళ్ళి తలుపు దగ్గర, చెప్పుల పక్కన కూర్చున్నారు. ఆయన భార్య సైరా అపా నాకు ముందు టీ పోసింది. ఆయనకి తర్వాత పోసింది.

బైకే, నేను ఆ టీ తాగలేకపోయాను. లేవబోతే, “కూర్చో, వెలుతురు ఎలా ఉంది అక్కడ?” అన్నారు. “చీకటిగా ఉంది ఆతా” అన్నాను. “ఉంటుంది. పై చోటు ఎప్పుడూ కాస్త చీకటే. అయినా ముసలాళ్ళం అక్కడే కూర్చుంటాం. ఎందుకనుకున్నావు?” అన్నారు. నేను చదివిన పుస్తకాలన్నీ వెతికాను. దేంట్లోనూ జవాబు లేదు. “చలిగాలి తగలదు. అంతే” అన్నారు ఆయన. సైరా అపా నవ్వి నవ్వి కెటిల్ కింద పెట్టేసింది.

చాలాసేపు అలాగే కూర్చోబెట్టారు. మాంసం వడ్డించి, అందరిలోకీ పెద్దవాళ్ళకి పెట్టే తల ముక్క నా ముందు పెట్టారు. నాకు. నా మెడ మీద కత్తి పెట్టినా అంత భయం వేసేది కాదు.

అప్పుడు ఫొటో చూపించాను. ఆతా కళ్ళజోడు పెట్టుకుని చూశారు. “నేను బాగున్నాను. చెప్పులు బాలేవు. కత్తిరించెయ్” అన్నారు. “కత్తిరిస్తే అబద్ధం అవుతుంది ఆతా” అన్నాను. “అయితే ముందే చెప్పాల్సింది, మంచి జోళ్ళున్నవాళ్ళని పిలిచేవాళ్ళం” అన్నారు. సైరా అపా ఫొటో లాక్కుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. చాలాసేపు చూసి, “ఈ మొహం చూసే కదా మోసపోయాను” అంది. ఫొటో తిరిగి ఇవ్వలేదు.

క్షమాపణ అడిగాను. “చెప్పావుగా, తల ముక్క తిన్నావుగా, ఇంకెవరికి చెప్పాలి?” అన్నారు. కాపార్ బైకే అందరి ముందు చెప్పమంటున్నారు అన్నాను. ఆయన మీ గురించి ఒక మాట అన్నారు. అది మీకు చెప్పను. మేనమామలకి ఆ హక్కు ఉంటుంది, నాకు లేదు.

పెదవి? తెలియడం లేదా? ఇంకొంచెం. పన్ను మూలంలో ఉంది సంగతి, పైపైన మొద్దుబారితే చాలదు.

ఇప్పుడు నేను మీ పక్షాన మాట్లాడతాను. ఆశ్చర్యపోకండి. ఆత్మవిమర్శ లేనివాడికి విమర్శించే అర్హత లేదు. ఇది నేనన్నది కాదు, ఎవరో అన్నారు, కానీ నిజం.

ఆ ఫొటో తెలియనివాడికి అందమైన ముసలాయన. మన ఊరివాడికి? మన ఊరివాడు ముందు ముఖం చూడడు, చోటు చూస్తాడు. ఎవర్ని ఎక్కడ కూర్చోబెట్టారని చూస్తాడు. చూసి, “ఈ ముసలాయనకి ఆ ఇంట్లో విలువ లేదు” అనుకుంటాడు. గోడమీద వేలాడినంత కాలం ఆ ఫొటో ఆ మాటే చెప్తుంది. ఊళ్ళో అందరికీ చోట్లు చూపించే మీరు, సొంత మేనమామకి తలుపు పక్క చోటు చూపించారని చెప్తుంది. మీరు భయపడింది దానికి. మీరు నోరు తెరిచి ఆ ఒక్క ముక్క చెప్పి ఉంటే నేను వినేవాణ్ణి. మీరు అట్ట గురించి మాట్లాడారు.

పుస్తకం రాసినావిడ ఎప్పుడూ గుడారంలో కూర్చుని ఉండదు. ఆవిడకి కిటికీలున్న ఇళ్ళే తెలుసు. మన ఇంటి సంగతి తెలియని పుస్తకం మనకెందుకని మీరడగొచ్చు. నేనూ అడుక్కున్నాను. తోర్ నుంచి తిరిగొచ్చాక చాలా రోజులు అదే అడుక్కున్నాను. క్షమాపణ చెప్పేద్దామనే నిర్ణయించుకున్నాను. ఔను. వచ్చే శనివారం నిలబడి, పుస్తకం తప్పు, నేను తప్పు అని చెప్పేద్దామనుకున్నాను. అంతవరకు వచ్చాను.

అప్పుడు మధ్యాహ్నం పూట ఇస్మార్ కొట్టుకి వెళ్ళాను, అష్లాన్‌ఫూ తినడానికి. గిన్నె నా ముందు పెట్టాడు, చల్లటి కారం పులుసులో నూడుల్స్, దానిపైన ఎప్పటిలాగే ఎక్కువ వెల్లుల్లి. తన ఫోన్ తీసి నా ముందు పెట్టి, “మన అధ్యక్షుడికి ఎవరో కొత్త కళ్ళు పెట్టారు, చూడు” అన్నాడు.

ఇప్పుడు మీ కళ్ళు పెద్దవయ్యాయి. మొద్దుబారలేదా, గుర్తొచ్చిందా?

మీరు తీసిన ఫొటో మీ చెల్లెలికి పంపబోయి ఇస్మార్‌కి పంపారు. జాబితాలో ఇద్దరి పేర్లూ పక్కపక్కనే ఉంటాయి కదా. పంపి, వెంటనే తీసేశారు. కానీ ఇస్మార్ నూడుల్స్ కంటే ఫోనే ఎక్కువ చూస్తాడు. మీరు తీసేసే లోపు వాడు దాచుకున్నాడు.

మీ చెల్లెలి కూతురి పెళ్ళి. గుడారం. తోర్‌లో మీ అమ్మగారు. లేవలేదు. ఎవరూ చెయ్యి పట్టుకుని లాగలేదు. ఎక్కడ కూర్చోవాలో అక్కడే కూర్చుని ఉన్నారు. ఫ్లాష్ లేదు. మరి వెలుతురు?

వెనక గోడ ఉన్ని తెరని మోకాలెత్తు చుట్టి పైకి కట్టారు మీరు. ఎండాకాలంలో గాలి కోసం కడతామే, అలాగ. లోపల రెల్లు చాప అలాగే ఉంది. ఆ చాప సందుల్లోంచి వెలుతురు గీతలు గీతలుగా వచ్చి అమ్మగారి చెంప మీద, తెల్ల తలగుడ్డ మీద, చేతి మీద పడుతోంది. ఒక చెంపే. రెండోది ఊహించుకోవాలి. ఆవిడ చేతికి ఒక పని ఇచ్చారు, రొట్టె తుంచుతున్నారు. నవ్వడం లేదు. ఎవర్నో తలుచుకుంటున్నారు. నాలుగు మూలలూ చూశాను బైకే. పిలవనివాడు ఒక్కడూ లేడు. టీవీ గొడుగు లేదు. గాడిద లేదు.

నేను నూడుల్స్ తినడం ఆపేశాను. కారం కళ్ళల్లోకి వచ్చిందేమో అన్నాడు ఇస్మార్. ఔనన్నాను.

మీరు ఆ పుస్తకాన్ని పరిశీలించలేదు. చదివారు. రోజూ చదివారు. మొదటి పాఠం కూడా చేసి ఉంటారు, వంటింట్లో కూర్చుని కెటిల్ నీడ చూసి ఉంటారు. మీ ఆవిడ గుల్‌సారా ఎజే మీకూ గొర్రె పులుసు కాచే ఉంటుంది. కాచిందా? కళ్ళు మూయండి.

మూశారు.

చూశారా. మనం ఒక పొట్లం గింజల్లోంచి వచ్చినవాళ్ళమే, ఇద్దరం. నాకు కోపం మీరు చదివినందుకు కాదు. పుస్తకం రాసినావిడ చెప్పనిది మీరు కనిపెట్టారు. మనిషిని వెలుతురు దగ్గరికి లాక్కెళ్ళక్కర్లేదు, గోడ ఎత్తితే వెలుతురే మనిషి దగ్గరికి వస్తుంది. ఇది ఆ పుస్తకంలో లేదు. ఇది ఏ పుస్తకంలోనూ లేదు. చిరిగిపోయిన చివరి పాఠం స్థానంలో ఇది ఉండాలి. మీరు దాన్ని రాత్రికి రాత్రే దాచేశారు. ఎందుకు? నేర్చుకున్నానని చెప్తే అధ్యక్షుడి ఎత్తు తగ్గుతుందనా? జ్ఞానం దాచుకునేవాడు...

వద్దులెండి. దానికి సరిపడే మాట నా దగ్గర ఒకటుంది గాని, మీరు అలా నోరు తెరుచుకుని చూస్తుంటే అది నా నోట్లోంచి రావడం లేదు.

ఇప్పుడు పెదవి? తెలియడం లేదు. దవడ? తెలియడం లేదు. సరే, మొదలుపెడతాను. చప్పుడు వస్తుంది, నొప్పి రాదు. వస్తే చెయ్యెత్తండి. ఈసారి చేతులు నేను లెక్కపెడతాను.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట. ఈ మాట చెప్పడానికే ఇంతసేపు వాగాను. మీ నోరు తెరుచుకుని ఉన్నప్పుడు కాకపోతే నేను దీన్ని ఎప్పటికీ చెప్పలేను.

మీ ఫొటో నా ఫొటో కంటే బాగుంది.

బాగుంది అంటే, చాలా బాగుంది. నాది వెలుతురు కోసం మనిషిని లేపిన ఫొటో. మీది మనిషి కోసం గోడ లేపిన ఫొటో. ఈ వాక్యం నాది, ఎక్కడా చదివింది కాదు. ఇస్మార్ కొట్టు నుంచి ఇంటిదాకా నడుస్తూ మీ మీద మంటతో ఉడికిపోయాను. సగం దారిలో అర్థమైంది, ఆ మంట అసూయ అని. నేను జీవితంలో ఎవరి మీదా అసూయపడలేదని అందరితో చెప్పుకునేవాణ్ణి. పోయింది అది కూడా.

ఇప్పుడేం చేస్తారో మీ ఇష్టం. ఇవాళ జవాబు అడగను. మొద్దుబారిన నోటితో ఇచ్చిన మాటని రేపు మీరే చెల్లదంటారు, మీ అలవాటు నాకు తెలుసు. నర్సింగ్ కాలేజీ అమ్మాయిలు మొదటిసారి క్లబ్బుకి వచ్చే శనివారం ఉంది కదా. వాళ్ళ ముందు మీరు లేచి నిలబడాలి. సూర్యుడు వీపు వెనక అని చెప్పకూడదు. ఆ పుస్తకం సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టాలి, సిఫారసు చెయ్యాలి, ఎలా చదివారో చెప్పాలి, గొర్రె పులుసుతో సహా. మధ్య గోడ మీద మీ అమ్మగారిని పెట్టండి. జుమాలి ఆతాని పక్క గోడ మీదో, మెట్ల దగ్గరో పెట్టండి. ఆయన్ని అడిగాను, అభ్యంతరం లేదన్నారు. కింద నేనే రాస్తాను: ఇక్కడ నేను వెలుతురుని చూశాను, మనిషిని చూడలేదు.

లేదా నన్ను వెళ్ళిపొమ్మనండి. వెళ్ళిపోతాను. బాధపడతాననుకోకండి, ఊళ్ళో చదరంగం క్లబ్బు కూడా ఉంది. అక్కడ ఎవరూ ఫొటోలు తియ్యరు, నాకు హాయి.

ఇవాళ బుధవారం. మీకు టైముంది. పద్దెనిమిదో తేదీ, అక్టోబర్ పద్దెనిమిది, శనివారం, ఆ అమ్మాయిలు మెట్లెక్కి వచ్చే లోపు నాకు మీ జవాబు కావాలి.